వేగదేవుడికి... విరిగిన పిస్టన్ల నైవేద్యం!

అదో చిన్న షెడ్డు. అందులో ఓ అర. అర నిండా పగిలిన పిస్టన్లూ విరిగిన ఇంజిన్‌ ముక్కలూ! ఇంకొకరైతే వాటిని ఎప్పుడో పాత ఇనుప సామాన్ల వాడికి వేసేసేవారు. కానీ ఆ షెడ్డు యజమాని వాటిని వరసగా పేర్చి, ‘వేగదేవుడికి నైవేద్యాలు’ అని రాసిపెట్టుకున్నాడు.

ఆయన పేరు బర్ట్‌ మన్రో. ఊరు న్యూజిలాండ్‌ దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌. ఇంట్లో పోతపోసిన పిస్టన్లతో, చేత్తో చెక్కిన రాడ్లతో 47 ఏళ్లనాటి మోటార్‌సైకిల్‌ని గంటకు 296 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తించాడాయన. అప్పటికి ఆయన వయసు 68!

పేరుకే ‘ఇండియన్‌’

1899లో పుట్టిన మన్రో, 1920లో ‘ఇండియన్‌ స్కౌట్‌’ మోటార్‌సైకిల్‌ కొన్నాడు. పేరులో ఇండియన్‌ ఉంది కదా అని మనదనుకునేరు. అది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారైన బండి. 600 సీసీ ఇంజిన్‌. ఎంత మెలితిప్పినా గంటకు 89 కిలోమీటర్లు దాటేది కాదు. ఆరోజుల్లో అదే గొప్ప. మన్రోకి మాత్రం చాల్లేదు. 1926 నుంచి దాన్ని విప్పడం, మార్చడం మొదలుపెట్టాడు. పగలు మోటార్‌సైకిళ్లు అమ్మే ఉద్యోగం, రాత్రి షెడ్డులో పని. అదే దినచర్య.

కొత్త భాగాలు కొనాలంటే చేతిలో డబ్బు ఉండేది కాదు. ఉన్నా లాభంలేదు. ఎనభై తొమ్మిది కిలోమీటర్ల బండిని మూడొందలకు తీసుకెళ్లే పిస్టన్‌ ఏ దుకాణంలో దొరుకుతుంది? అందుకే తానే తయారుచేసుకోవడానికి సిద్ధపడ్డాడు.

డబ్బాలో పోసిన పిస్టన్‌

మన్రో కరిగించిన లోహాన్ని పాత డబ్బాల్లో పోసి పోతపోసేవాడు. చెప్పడానికి తేలికే కానీ, అసలు పని అక్కడే మొదలవుతుంది. ఇంజిన్‌లోని గొట్టం లాంటి సిలిండర్‌లో పిస్టన్‌ నిమిషానికి కొన్ని వేలసార్లు పైకీ కిందికీ కదులుతుంది. కాబట్టి పోత ముద్దను గుండ్రంగా కోయాలి. రింగులు కూర్చునేందుకు చుట్టూ గాడులు తీయాలి. రాడ్‌తో కలిపే పిన్ను కోసం అడ్డంగా రంధ్రం చేయాలి. అన్నిటికన్నా కష్టం- పిస్టన్‌కీ సిలిండర్‌ గోడకీ మధ్య ఖాళీ ఎంత వదలాలన్నది. వేడెక్కితే అల్యూమినియం ఇనుముకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఖాళీ తగ్గితే పిస్టన్‌ బిగుసుకుపోతుంది. ఎక్కువైతే మండిన వాయువు పక్కల నుంచి జారిపోయి, బలం పోతుంది. ఆ తేడా మిల్లీమీటర్లో చిన్న వంతే. అంతటి కొలతలకు మన్రో వాడిన పరికరం ఓ పాత స్పోకు!

సిలిండర్లూ ఫ్లైవీళ్లూ కూడా ఆయన సొంత తయారీనే. పిస్టన్‌ను కిందనున్న క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్‌ రాడ్‌ కోసం ట్రాక్టర్‌ ఇరుసును ఎంచుకున్నాడు. బరువు మోయడానికి పుట్టిన ఉక్కు కదా అది! దాన్ని చేత్తో చెక్కి, అరగదీసి రాడ్లుగా మార్చాడు. పక్కనుండే వాల్వులను సిలిండర్‌ పైకి మార్చాడు. 600 సీసీ ఇంజిన్‌ క్రమంగా 850, 920, చివరికి 950 సీసీ అయింది.

విరిగిన ముక్కే గురువు

ఇంత చేశాక ఇంజిన్‌ బుద్ధిగా తిరిగిందా అంటే... లేదు. మళ్లీమళ్లీ పగిలింది. వేగంగా వెళ్తున్నప్పుడు రాడ్‌ విరిగితే ఇంజిన్‌ గోడను చీల్చుకుని బయటికి రావచ్చు. పైన కూర్చున్న మనిషి ప్రాణానికీ ముప్పే. కానీ విరిగిన ముక్క ఓ కబురు కూడా చెబుతుంది. పిస్టన్‌ తల కరిగితే వేడి ఎక్కువైందని, పక్కన గీతలు పడితే ఖాళీ చాల్లేదని, రాడ్‌ విరిగితే ఏ చోట బలం తగ్గిందని... చదవడం వచ్చిన మెకానిక్‌కి అదంతా పాఠమే. దసరాకి మన షెడ్లలో పానాలకూ స్క్రూడ్రైవర్లకూ బొట్టుపెట్టి దండం పెడతారు. మన్రో ఆ మర్యాదను విరిగిన భాగాలకిచ్చాడు.

ఉప్పునేల మీద ఉరకలు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బోన్‌విల్‌ అని ఉప్పు మైదానం ఉంది. కనుచూపు మేర చెట్టూచేమా ఉండవు. అత్యధిక వేగాల పరీక్షలు ఎన్నో అక్కడే జరిగాయి. గుండెనొప్పి ఉన్నా, వయసు అరవై దాటినా మన్రో తన బండిని సముద్రాలు దాటించి అక్కడికి తీసుకెళ్లాడు. గాలిని చీల్చుకెళ్లేలా దానికి చేప ఆకారంలో తొడుగు వేసి, లోపల బోర్లా పడుకుని నడిపేవాడు. 1962లో 883 సీసీ విభాగంలో గంటకు 288 కిలోమీటర్ల రికార్డు. 1966లో 1000 సీసీ విభాగంలో మరొకటి. 1967లో అదే విభాగంలో తన రికార్డును తనే బద్దలు కొట్టాడు. ఆ ఏడాది అర్హత కోసం ఒకవైపు చేసిన పరుగులో వేగం దాదాపు 306 కిలోమీటర్లు!

లెక్క తేలిన వేళ...

మన్రో 1978లో కన్నుమూశాడు. 2005లో ఆయన కథ ‘ద వరల్డ్స్‌ ఫాస్టెస్ట్‌ ఇండియన్‌’ పేరుతో సినిమాగా వచ్చింది. ఆంథొనీ హాప్కిన్స్‌ మన్రోగా నటించాడు.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. 1967 రికార్డును గంటకు 183.586 మైళ్లుగా నమోదుచేశారు. ఆ లెక్కలో పొరపాటు ఉందని మన్రో కుమారుడు గుర్తించాడు. 2014లో దాన్ని 184.087 మైళ్లుగా సరిచేశారు. అంటే, ఆయన పోయిన 36 ఏళ్లకు ఆయన వేగం అర మైలు పెరిగింది! స్పోకుతో కొలిచినవాడి కొలతలు నిలబడ్డాయి, తప్పింది కాగితం మీది లెక్కే.

ఆ మోటార్‌సైకిల్‌ని ఇన్వర్‌కార్గిల్‌లోని ఓ హార్డ్‌వేర్‌ దుకాణంలో ప్రదర్శనకు ఉంచారు. నట్లూ బోల్టులూ పనిముట్ల మధ్య. దానికి అంతకన్నా తగిన చోటు ఇంకేముంటుంది!