ఉక్కపోతలో గులాబీ: అపోహలు, వాస్తవాలు

కోస్తాలో ఏ వీధిలో అడిగినా దాదాపు ఒకే మాట వినిపిస్తుంది. "మల్లె విరగబూస్తుంది, మందారం పూస్తుంది, గులాబీ మాత్రం మా ఇంట్లో నిలవదండీ. మాకు హస్తవాసి లేదు." తోపుడు బండి మీద మొగ్గలు చూసి ముచ్చటపడి కొన్న మొక్క నాలుగు పూలు పూస్తుంది, ముసురు పట్టగానే ఆకు దులిపేస్తుంది, మరుసటి రోహిణి కార్తెకు ఎండుపుల్లగా మిగులుతుంది. ఇందులో హస్తవాసి చేసేదేమీ లేదు. గులాబీ గురించి మనకు చేరిన సలహాల్లో చాలావరకు చలిదేశాల పుస్తకాల్లోంచో, ఊటీ, బెంగళూరు తోటల్లోంచో వచ్చినవే. విజయవాడ, కాకినాడ ఉక్కపోతలో వాటిని ఉన్నవున్నట్టు పాటిస్తే మొక్క దెబ్బతింటుంది.

అపోహ: గులాబీ చల్లటి ప్రాంతాల మొక్క

ఈ మాట సగమే నిజం. యూరప్ పాత గులాబీలు ఎక్కువగా ఏడాదికి ఒక్కసారే పూసేవి. 18వ శతాబ్ది చివర చైనా గులాబీలు, కొన్ని మన కలకత్తా మీదుగానే, అక్కడికి చేరాయి. ఏడాది పొడవునా మళ్లీ మళ్లీ పూసే గుణం నేటి గులాబీలకు వాటినుంచే వచ్చింది. ఆ చైనా గులాబీలు వెచ్చదనానికి అలవాటుపడినవి. ఇక బెంగాల్, బీహార్ నదీతీరాల తడినేలల్లో సహజంగా పెరిగే రోజా క్లైనోఫిల్లా అనే జాతి మన నేలకు చెందినదే, వేడినీ తడినీ తట్టుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన వీరూ వీరరాఘవన్ ఉద్యోగం వదిలి, భార్య గిరిజతో కలిసి ఈ జాతితో సంకరాలు చేసి, వేడి ప్రాంతాలకు సరిపడే గులాబీల కోసం దశాబ్దాలు కృషి చేశారు. మన సొంత మనిషి చేసిన ఇంత పని మన పెరళ్లలో పెద్దగా కనిపించకపోవడం బాధాకరం.

కాబట్టి అసలు ప్రశ్న ఏ గులాబీని ఎంచుకున్నామన్నదే. బొకేల్లో కనిపించే పొడుగు కాడల డచ్ గులాబీ హోసూరు, బెంగళూరు వైపు పాలీహౌస్‌ల్లో పెంచే రకం. డాబా మీద అది అలాగే పూస్తుందని ఆశపడకండి. కోస్తా ఇళ్లకు నా ఓటు ముందుగా పన్నీరు గులాబీకి. పువ్వు ఒక్కరోజుకే రేకులు రాల్చేస్తుంది, వాసన మాత్రం వాకిలి దాకా వస్తుంది. తర్వాత, గుత్తులుగా పూసే బటన్ గులాబీలు, ఫ్లోరిబండాలు. ముదురెరుపు, మంచి వాసన కావాలంటే 1897 నాటి గ్రూస్ ఆన్ టెప్లిట్జ్ దొరికితే వదలొద్దు. అరచేయంత పూల హైబ్రిడ్ టీలు కూడా బతుకుతాయి, కాకపోతే వాటికి ఓపిక ఎక్కువ కావాలి. మొదటి మొక్కగా అవి వద్దు.

అపోహ: ఏడేసి ఆకులు వస్తే మొక్క అడవిదైపోయినట్టే

ఈ నమ్మకంతో బంగారంలాంటి కొమ్మల్ని నరికేసినవాళ్లున్నారు. గులాబీ ఆకు ఐదు చిన్నాకులుగానూ ఉంటుంది, ఏడుగానూ ఉంటుంది. మంచి తోట రకాలెన్నో బలంగా పెరిగేటప్పుడు ఏడు వేస్తాయి. చూడాల్సింది కొమ్మ ఎక్కడినుంచి పుట్టిందన్నది. కడియం నర్సరీలోనైనా, ఇంకెక్కడైనా, కొనేముందు మొక్క మొదట్లో మట్టిని వేలితో కాస్త పక్కకు జరపండి. కాండం మీద మొటిమలా ఉబ్బిన ముడి కనిపిస్తే అదే అంటు కట్టిన చోటు. దానికి పైన పుట్టిందంతా మీరు డబ్బిచ్చి కొన్న గులాబీ. కిందినుంచి, వేరు దగ్గర్నుంచి లేచేది అంటుకు ఆధారంగా వాడిన నాటు మొక్క. అది లేతపచ్చగా, సన్నగా, జోరుగా సాగుతుంది. దాన్ని కత్తెరతో కోస్తే మళ్లీ మొలుస్తుంది. మట్టి తీసి, పుట్టిన చోటు దాకా వెళ్లి, కిందికి లాగి పెరికేయాలి. "ఎర్ర గులాబీ తెచ్చాం, మా మట్టికి తెల్లగా మారిపోయింది" అనేవాళ్ల ఇళ్లలో జరిగేది ఇదే. పై అంటు చచ్చిపోయి, కింది మొక్క రాజ్యమేలుతుంది. మట్టికి రంగు మార్చే శక్తి లేదు.

ఇంకో సంగతి. అమ్మే మొక్కల వేళ్లు చాలాసార్లు గట్టి ఎర్రమట్టి ముద్దలో బిగిసి ఉంటాయి. ఆ ముద్దను అలాగే పాతితే వేరు బయటికి రాలేదు, నీరు లోపలికి ఇంకదు. బకెట్ నీళ్లలో నానబెట్టి, పై పొరను మెల్లగా కరగనిచ్చి, వేళ్లు తెగకుండా నాటండి. అంటు ముడి మట్టిలో కూరుకుపోకూడదు.

అపోహ: ఆకు మీద చుక్క నీరు పడినా తెగులే

ఇక్కడ రెండు తెగుళ్లను కలిపేస్తున్నారు. నల్లమచ్చ తెగులుకు తడి కావాలి. ఆకు ఏకధాటిగా సుమారు ఏడు గంటలు తడిగా ఉంటేనే దాని బీజాలు ఆకులోకి దిగుతాయి. బూడిద తెగులు అలా కాదు. దానికి ఆకు మీద నీరు అక్కర్లేదు, పొడి పగళ్లు, చల్లటి తేమ రాత్రులు చాలు. అందుకే మనకు శీతాకాలంలో లేత చిగుళ్ల మీద పిండి చల్లినట్టు కనిపిస్తుంది.

దీన్నిబట్టి పని తెలుస్తుంది. సాయంత్రం ఆకులు తడపొద్దు, రాత్రంతా ఆరవు. పొద్దున్నే తడిపితే గంటలో ఆరిపోతాయి, నష్టం లేదు. పైగా వేసవిలో ఆకు అడుగున చేరే ఎర్రనల్లికి పొద్దుటి నీటిధార మంచి మందు. ముసురు రోజుల్లో కుండీల్ని దూరందూరంగా, గాలి ఆడేచోట పెట్టండి. మచ్చలతో రాలిన ఆకుల్ని ఏరి చెత్తలో వేయండి, పాదులో వదిలితే వాన చినుకులకు బీజాలు మళ్లీ పైకెగురుతాయి. నల్లమచ్చ తెగులు ముదిరితే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ పిచికారీ చేయవచ్చు. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. అయితే గంధకాన్ని మండే ఎండల్లో కొడితే ఆకులు మాడిపోతాయి.

అపోహ: గులాబీకి ఎంత ఎండ ఉంటే అంత మంచిది

చలిదేశాలకు చెల్లే మాట. మనకు ఉదయం ఎండ ఐదారు గంటలు చాలు. మధ్యాహ్నం రెండు తర్వాత గోడ నీడ పడితే మేలే. డాబా మీద అయితే కుండీ కింద రెండు ఇటుకలు పెట్టండి, కాలిన సిమెంటు వేడికి వేళ్లు ఉడికిపోతాయి.

అపోహ: వేసవిలో పువ్వు చిన్నదైంది, ఎరువు చాలట్లేదు

ఎరువు చాలకపోవడం కాదు, ఎండ ప్రభావం. వేడికి మొగ్గ త్వరగా విచ్చుకుంటుంది, రేకులు తగ్గుతాయి, రంగు వెలిసిపోతుంది. అప్పుడు రసాయన ఎరువు గుప్పిస్తే కుండీలో ఉప్పు పేరుకుని ఆకు అంచులు మాడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎరువు ఆపి, పాదు మీద ఎండుటాకులు మందంగా పరచండి. మొగ్గల రేకులు గోధుమరంగు తిరిగి విచ్చుకోకపోతే లోపల తామర పురుగులున్నాయని అర్థం. ఆ మొగ్గలు తుంచేయడమే దారి.

అపోహ: గుడ్డు పెంకులు, టీ పొడి వేస్తే చాలు

పెంకుల్లో ఉండేది సున్నం. గులాబీకి కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి, ఉదజని సూచిక 6 నుంచి 6.5 వరకు, ఇష్టం. మన బోరు నీళ్లలో, చాలాచోట్ల మట్టిలోనూ, సున్నం ఇప్పటికే ఎక్కువ. లేత ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే, సున్నం ఎక్కువై ఇనుము అందడం లేదని గుర్తు. అలాంటి మొక్కకు పెంకులు అసలు వద్దు. బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి ఇవ్వండి, వీలైతే వాననీరు పట్టి పోయండి. వాడేసిన టీ పొడిని చక్కెర పోయేదాకా కడిగి వేస్తే తప్పులేదు, కడగకపోతే చీమలు చేరతాయి. సముద్రతీర గ్రామాల్లో ఉప్పుబారిన బోరు నీరు మాత్రం గులాబీకి విషమే.

అపోహ: ఏటా మోకాలెత్తుకు నరికేయాలి

మంచు కురిసేచోట మొక్క నిద్రపోతుంది కాబట్టి అక్కడ నరుకుడు చెల్లుతుంది. మన గులాబీ నిద్రపోదు. దాని నిల్వ ఆహారం కొమ్మల్లోనే ఉంటుంది, మోడు చేస్తే చాలా మొక్కలు తేరుకోవు. మూడో వంతుకు మించి తీయకండి. ఎండిన పుల్లలు, లోపలికి పెరిగి రాసుకుంటున్న కొమ్మలు ముందు తీసి, మిగతావి బయటి వైపు చూసే కన్ను మీదుగా పదునైన కత్తెరతో కోయండి. కోసిన చోట్లనుంచే కొమ్మ ఎండు తెగులు దిగుతుంది కాబట్టి ముసురులో కత్తెర ముట్టొద్దు, కోతలకు రాగి మందు ముద్ద పూయండి. వాడిన పూలను మాత్రం ఏడాది పొడవునా తుంచుతూ ఉండాలి, అలా తుంచితే కొత్త మొగ్గ త్వరగా వస్తుంది.

కత్తిరించిన ఆరేడు వారాలకు పూలొస్తాయి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో వానలు తెరిపిచ్చాక, అక్టోబరు చివర కత్తిరించండి, నెలగంట పెట్టే నాటికి పూస్తుంది. నెల్లూరు వైపు వానలు ఆలస్యంగా తగ్గుతాయి కాబట్టి ఇంకాస్త ఆగాలి. కొత్త మొక్క కొనేవాళ్లకూ ఇదే అదను. వేసవిలో బండి మీది మొగ్గల్ని చూసి ఆశపడకుండా అప్పటిదాకా ఆగి, అంటు ముడి చూసి, పన్నీరు గులాబీ ఒక్కటి తెచ్చుకోండి.