రొమ్ము క్యాన్సరు చికిత్స - కణముల వయస్సు

పుట్టిన తేదీని బట్టి మనము వయస్సును లెక్కింతుము; కణముల ముదిమికి వేరొక కొలత కలదు. దెబ్బతిన్న కణములు కొన్ని విభజన మానియు నశింపక నిలిచియుండును. వాటిలో 'పి16' అను జన్యువు చురుకుగా పనిచేయును.

కీమోథెరపీ మందులు క్యాన్సరు కణములతోపాటు మంచి కణములను కూడ గాయపరచును. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రకటించిన అధ్యయనమున, రొమ్ము క్యాన్సరుకు ఈ చికిత్స పొందిన స్త్రీల రక్తకణములలో పి16 పెరుగుదల సుమారు 15 ఏండ్ల వయోభారమునకు సమానముగా కనిపించినది. ఏడాది గడచినను తగ్గలేదు.

ఇది కణముల లెక్కయే గాని ఆయువు లెక్క కాదు. ప్రాణములు నిలుపు చికిత్సను దీనికి భయపడి మానరాదు. అయితే చికిత్స ముగిసిన తల్లికో, సోదరికో అలసట మిగిలినచో, దానిని బద్ధకమని తలపక, విశ్రాంతిని, వైద్యుని సలహాను సమకూర్చుట మన విధి.