చర్మ క్యాన్సరును ‘ఎ’ విటమిను ఆపగలదా?

మిర్యాలగూడలో మా మేనమామగారు రైసుమిల్లులో లెక్కలు వ్రాసేవారు. యౌవనంలో మరుగునీళ్లు పడి ఆయన కాలిపై పెద్ద మచ్చ మిగిలింది. నలభై ఏళ్ల తరువాత ఆ మచ్చలో చిన్న పుండు లేచింది. పసుపు, వేపాకు నూరి ఆరు నెలలు కట్టాము. మానలేదు సరికదా, అంచులు గట్టిపడినాయి. ముక్క తీసి పరీక్షిస్తే చర్మ క్యాన్సరని తేలింది. శస్త్రచికిత్సతో దానిని తొలగించారు.

ఆ తరువాత కోదాడ నుండి ఆయన కుమార్తె ‘ఎ’ విటమిను మాత్రల సీసా తెచ్చింది. “బావా, ఇవి జన్యువులనే దారిలో పెడతాయట. నాన్నకు రోజూ ఇస్తాను, నేనూ వేసుకుంటాను” అన్నది. ఆమెకు అప్పుడు మూడవ నెల. సూర్యాపేటలో నలుగురికీ గృహవైద్యం చెప్పే నేను కలవరపడ్డాను.

ఆమె విన్నది సగం నిజం. ‘ఎ’ విటమిను కణంలో రెటినోయిక్ ఆమ్లంగా మారుతుంది. కణకేంద్రకంలో దానికోసం గ్రాహకాలనే ప్రోటీనులున్నాయి. 1987లో ఫ్రాన్సులో పియర్ షాంబో, అమెరికాలో రొనాల్డ్ ఎవాన్స్ బృందాలు విడివిడిగా వీటిని కనుగొన్నాయి. ఈ గ్రాహకం మరొక గ్రాహకంతో జతకట్టి డి.ఎన్.ఎ.పై నిర్ణీత స్థానంలో కూర్చుంటుంది. ఆమ్లం లేనప్పుడు అణచివేసే ప్రోటీనులను చేరదీసి జన్యువును నిద్రపుచ్చుతుంది. ఆమ్లం అతుక్కోగానే గ్రాహకం ఆకారం మారి, అణచేవి తొలగి, తోడ్పడేవి చేరతాయి. అలా మేల్కొన్న జన్యువుల వలన చర్మకణం విచ్చలవిడిగా పెరగక, పరిణతి చెందుతుంది.

అయితే కొన్ని క్యాన్సరు కణాలలో ఈ గ్రాహకాలే తగ్గిపోతాయి. వినే చెవి లేనిచోట ఎంత పిలిచి ఏమి లాభం?

1988లో అమెరికాలో, ఎండ తగిలితే క్యాన్సరు పుట్టే వంశపారంపర్య వ్యాధిగల ఐదుగురికి ‘ఎ’ విటమిను జాతి మందు ఐసోట్రెటినోయిన్‌ను పెద్ద మోతాదులో రెండేళ్లు ఇచ్చారు. కొత్త క్యాన్సర్లు సగటున 63 శాతం తగ్గాయి. మందు ఆపగానే మళ్లీ పెరిగాయి. దుష్ఫలితాలు కూడ బాధించాయి. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ సంగతి వేరు. చర్మ క్యాన్సరు వచ్చిపోయిన 1,805 మందిపై జరిపిన పరీక్షలో, రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున ఐదేళ్లు వాడినా కొత్త క్యాన్సర్లు తగ్గలేదని 1990లో తేలింది.

మాత్రలలోని ‘ఎ’ విటమిను మితిమీరితే తలనొప్పి, కాలేయానికి చేటు. గర్భిణికి మరీ ప్రమాదం, శిశువుకు అవయవలోపాలు రావచ్చు. ఆకుకూరలతో ఆ భయం లేదు. శరీరం తనకు కావలసినంతే ‘ఎ’ విటమినుగా మార్చుకుంటుంది. కనుక మునగాకు, తోటకూర, క్యారెట్ కొద్దిపాటి నూనెతో వండుకొని తినండి. అది పోషణ, క్యాన్సరుకు చికిత్స మాత్రం కాదు.

మా మరదలు సీసా మూత తీయకుండానే పక్కన పెట్టింది. పండంటి బిడ్డను కన్నది. మామయ్య తప్పక పరీక్షలకు వెళుతున్నారు.

సుశ్రుతుడు దుష్టవ్రణాన్ని మామూలు వ్రణం నుండి వేరుచేసి చెప్పాడు. ఆ విచక్షణ మాకు ఆరు నెలలు లోపించింది. పాత కాలిన మచ్చలో పుండు లేచి మూడు వారాలకు మానకపోతే, పసుపు కట్టు విప్పి వైద్యునికి చూపించండి.