చెక్క చిప్పల్లో పాట పండిందా?

కాట్రేనికోనలో ముసురు పట్టిందంటే నాకు రెండే పనులు. వేడి వేడి మినపట్టు తినడం, పాత పాటలు వినడం. మొన్న అలాంటి ముసురులోనే మా తోడల్లుడి కొడుకు హైదరాబాద్ నుంచి ఓ అట్టపెట్టె పట్టుకుని దిగాడు. కుర్రాడికి కొత్తగా ఉద్యోగం. మొదటి నెల జీతం ఇంకా చేతిలో వెచ్చగా ఉంది!

"బాబాయ్ గారూ! మా ఫ్రెండ్‌ది. పద్దెనిమిది వేలకి ఇస్తానంటున్నాడు. ఆదివారంలోగా కొంటానో కొననో చెప్పెయ్యాలి. మీరు విని చెబితే..."

పెట్టెలో చూద్దును కదా, నున్నగా తొలిచిన చెక్క హెడ్‌ఫోన్స్! మన వైపు వాళ్లకి చటుక్కున కొబ్బరి చిప్పలే గుర్తొస్తాయి. రెండు చిప్పలు, మధ్య తోలు పట్టీ, చెవుల చుట్టూ మెత్తలు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

నన్నే ఎందుకు అడిగాడంటారా? ఒకప్పుడు ఊళ్లో క్యాసెట్లు రికార్డు చేసే కొట్టు నాది. టేపు హెడ్డు మీద దుమ్ము పడితే 'స' అక్షరం ఎలా మొద్దుబారుతుందో నిద్రలో అడిగినా చెబుతాను. కాకపోతే ఒక్క ఒప్పుకోలు. అరవై దాటిన చెవికి పైస్థాయి శబ్దాలు కొన్ని అందవు. అందుకని ఇంటర్ చదువుతున్న మా మనవరాలిని కూడా పరీక్షాధికారిగా వేశాను.

చెక్క హెడ్‌ఫోన్స్ కొత్త విడ్డూరమేం కాదు. 1989లో సోనీ వాళ్లు ఎం.డి.ఆర్. ఆర్10 అని ఒకటి చేశారు. జపాన్‌లో కెయాకీ అనే చెట్టు కలప తొలిచి చిప్పలు చేశారు. ధర రెండున్నర వేల డాలర్లు! ఇప్పటికీ మోజున్నవాళ్లు దాని పేరు చెబితే కళ్లు మూసుకుంటారు. తరువాత రుమేనియా వాళ్ల మెజే 99 క్లాసిక్స్ 2015లో వాల్‌నట్ కర్రతో వచ్చింది. డెనన్ వాళ్లయితే ఒక దానికి వెదురే వాడారు. ఫోస్టెక్స్ వాళ్లు టి.హెచ్.900కి ఉరుషి పూత పూశారు. అది చెట్టు పాలతో చేసే పూత. మన ఏటికొప్పాక బొమ్మల మీద లక్క మెరుపు చూసినవాళ్లకి ఆ సోకు అర్థమవుతుంది.

సరే, సోకు సంగతి అలా ఉంచి పరీక్షకి వద్దాం. పాట రికార్డింగులో వీపు మూసిన రకం ఎందుకు కావాలో సినిమా ప్రియులకి చెప్పాలి. తొలిరోజుల్లో గాయకులూ, వాద్యాలూ అంతా ఒకేసారి కూచుని పాట రికార్డు చేసేవారు. ట్రాక్ పద్ధతి వచ్చాక గాయకుడు ఒంటరిగా మైకు ముందు నిలబడి, చెవుల్లో వాద్యాలు వింటూ పాడటం మొదలైంది. ఆ వాద్యాల చప్పుడు చెవి దగ్గర్నుంచి బయటికి కారి మైకులో పడకూడదు. అందుకే వీపు మూసిన చిప్పలు. మన ఇంట్లో లాభమేమిటంటే, అర్ధరాత్రి నేను ఘంటసాల గారిని వింటున్నా మా ఆవిడ నిద్ర చెడదు!

ముందు కట్టుబడి. కిరాణా కొట్టు కాటాలో వేస్తే 380 గ్రాములు. తల మీద గంటన్నర దాకా బరువు తెలియలేదు. రెండో గంటలో నడినెత్తి మొర పెట్టుకుంది. పట్టీ కింద మెత్త పలచన. ఇక చెక్క విషయం నాకు తెలీదు గనక మా వీధి వడ్రంగి మేస్త్రీ గారి దగ్గరికి పట్టుకెళ్లాను. డెబ్భై ఏళ్ల మనిషి. కళ్లజోడు సర్దుకుని, అంచు మీద బొటనవేలి గోరు నడిపించి, వాసన చూసి అన్నారు:

"ఆయ్! ఇది పైన పొర అంటించింది కాదండీ. దిమ్మ తొలిచిందే. గీత ఇటు నుంచి అటు ఎలా పోయిందో చూడండి."

తరువాత వేలితో కొట్టి చూశారు. 'ధబ్' అంది. ఆయన ముఖం చిన్నబోయింది. "మోగట్లేదేంటండీ? మూగది తెచ్చారు!"

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మా గౌతమికి ఆవల ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి చేతిలో వీణ ఉందనుకోండి. ఆ పనసకర్ర కుండ పాడాలి. తీగతో బాటు అదీ పలకాలి. హెడ్‌ఫోన్ చిప్ప పని సరిగ్గా తలకిందులు! లోపల గుండ్రటి పొర ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ముందు పుట్టిన శబ్దం చెవికి వస్తుంది. వెనక పుట్టింది చిప్పకి కొట్టుకుని తిరిగొచ్చి పాటలో కలిస్తే అల్లరే. పలచని రేకు అయితే గణగణమంటుంది. కర్ర ఆ ఊపుని కొంత తనలో మింగేస్తుంది. మిగతాది లోపల పరిచిన ఉన్ని చూసుకుంటుంది. మేస్త్రీ గారికి లోపమనిపించిన మూగతనమే దాని సుగుణం.

"మరి ఇదేంటండీ?" అన్నారాయన స్క్రూ దగ్గర వేలు పెట్టి. వెంట్రుకంత నెర్రె! కుడి చిప్పకి. "కర్ర పొడవునా పెద్దగా పెరగదండీ, అడ్డంగా ఉబ్బుద్ది. వానాకాలం ఉబ్బుతా, ఎండాకాలం లాక్కుంటా ఉంటే బిగించేసిన స్క్రూ దగ్గర చిట్లుద్ది." కుర్రాడి ముఖం పాలిపోయింది.

ఇంటికొచ్చి విన్నాం. 'శంకరాభరణం' (1980) పెట్టాను. మహదేవన్ గారి సంగీతంలో బాలు గారి గొంతు ఎంత దగ్గరగా ఉందంటే, ఊపిరి తీసుకున్న చోటు కూడా తెలిసింది. మృదంగం తొప్పి వైపు దెబ్బ గుండ్రంగా వచ్చింది. 'గీతాంజలి' (1989)లో ఇళయరాజా గారి బాస్ గిటార్ కాస్త ఒళ్లు చేసి వినిపించింది. నిజం చెప్పొద్దూ, నాకు నచ్చింది! "తాతయ్యా, 'స' అన్నప్పుడల్లా కొంచెం గుచ్చుకుంటోంది" అంది మా మనవరాలు. నాకు గుచ్చుకోలేదు. ఆ మార్కులు ఆమె లెక్కలోనే వేశాను.

తరువాత 'మాయాబజార్' (1957) పెట్టాను. దీని వెనక నా స్వార్థం ఉంది. ఆ పాటలు మోనో. రెండు చెవులకీ ఒకటే శబ్దం వెళ్లాలి, పాట నుదుటి మధ్య బొట్టులా నిలబడాలి. స్టీరియో అని తరువాత కలిపి అమ్మినవి దీనికి పనికిరావు. గొంతు మధ్యలోనే ఉంది గానీ కింది స్థాయి శబ్దమంతా ఎడమకి ఒరిగిపోతోంది! కుడివైపు మద్దెల డొల్లగా ఉంది.

"చూశారా బాబాయ్ గారూ, నెర్రె వల్లే! రేపే తిరిగిచ్చేస్తాను" అన్నాడు వాడు.

"ఆగరా అబ్బాయ్!" అని చెవి మెత్తలు రెండూ ఊడదీసి అటుది ఇటు, ఇటుది అటు తగిలించాను. లోపం చెక్కలోనో, లోపలి డ్రైవర్‌లోనో ఉంటే కుడివైపే ఉండిపోవాలి కదా? ఉండలేదు. మద్దెల కుడికి మళ్లింది, ఎడమవైపు డొల్లయింది! దొంగ దొరికాడు. మెత్త తిరగేసి చూస్తే కుట్టు రెండంగుళాల మేర విడిపోయి ఉంది. చెవి చుట్టూ గాలి బిగిస్తేనే మూసిన రకంలో కింది స్థాయి నిలుస్తుంది. సందు దొరికితే మొదట పారిపోయేది అదే. నేను కళ్లజోడు పెట్టుకుని విన్నప్పుడు కూడా కాస్త పలచబడింది, కమ్మీ దూరిన సందు చాలు!

నా తీర్పు ఏమిటంటే, ఆ తీపి కర్రదని మురిసిపోయేవాళ్లు సగం పొగడ్త మెత్తలకీ, చిప్ప లోతుకీ, లోపలి ఉన్నికీ ఇవ్వాలి. వాల్‌నట్ ఇలా పాడుతుంది, వెదురు అలా పాడుతుంది అని చెప్పేవాళ్ల దగ్గర మెత్తలు ఒకటేనా అని అడగండి.

బయటి రొద సంగతి కూడా చూశాం. వాన చినుకుల చిటపట, కీచురాళ్ల గోల బాగా తగ్గాయి. పక్క చేలో మోటారు గుయ్‌మనడం మాత్రం తగ్గలేదు. కింది స్థాయి హోరుని ఆపడం ఒట్టి చిప్పల వల్ల కాదు. రొద తగ్గింది గనక వాల్యూమ్ పెంచక్కర్లేదు, అదే పెద్ద లాభం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు. మూడు డెసిబెల్స్ పెంచితే ఆ గంటలు సగమైపోతాయి. కొట్లో రోజంతా స్పీకర్ పక్కన కూచున్న నా చెవులు చూసైనా కుర్రకారు ఈ లెక్క గుర్తుంచుకోవాలని నా మనవి.

ఆదివారం వాడు ఫ్రెండ్‌కి ఫోన్ చేసి మెత్తల ఖరీదు, నెర్రె సంగతి రెండూ చెప్పాడు. బేరం పదమూడున్నర వేల దగ్గర తెగింది. కొత్త మెత్తలు వచ్చాక మళ్లీ 'మాయాబజార్' పెట్టాం. మద్దెల మధ్యకొచ్చి కూచుంది. నెర్రెలో మేస్త్రీ గారే ఓ చుక్క జిగురు నింపి, స్క్రూ పావు చుట్టు వదులు చేశారు. కూలి ఇవ్వబోతే వద్దని, "ఓ పాట వినిపించండి చాలు" అన్నారు.

తలకి తగిలించాం. పాట అయ్యేదాకా కదల్లేదాయన. తీసి నా చేతిలో పెడుతూ, "గొంతు బాగుందండీ. కర్ర మట్టుకు... మన పనసయితే ఇంకా తేలికండీ. రెండు దిమ్మలు ఆరబెట్టి ఉంచానండీ, ఓ పాత మెత్తల జత ఉంటే పడెయ్యండి, చూద్దాం!" అన్నారు.

ఊడిన మెత్తలు నా దగ్గరే ఉన్నాయి. కుట్టు వేయించి పంపాను.