ఎలక్ట్రానిక్ నృత్య సంగీతము: గదికీ చెవికీ మధ్య చిక్కు

పెళ్ళి బరాతులో వాహనము మీద అమర్చిన పెద్ద స్పీకర్ల పక్కగా నడిచినవారికి ఒక అనుభవము ఉండే ఉంటుంది. అది ఏ పాటయో చెవి గుర్తుపట్టక ముందే, ఛాతీ మీద ఎవరో అరచేతితో తట్టినట్లవుతుంది. నిమిషానికి 120 నుంచి 130 సార్లు, ఎక్కడా తడబడకుండా పడే ఈ దెబ్బ మీదనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతములో చాలా భాగము నిలబడి ఉన్నది. దీనిని ఆ సంగీతకారులు 'కిక్' అంటారు.

ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చొని ఇటువంటి సంగీతమును కల్పించడము నేర్చుకొనే యువతీయువకులు ఇప్పుడు మన పట్టణములలో కూడా ఉన్నారు. వీరిలో కొత్తవారు చెప్పుకొనే కష్టము దాదాపు ఒక్కటే. తమ గదిలో అద్భుతముగా వినిపించిన పాట స్నేహితుని కారులో వేస్తే బురదగా ఉంటుంది, పెద్ద స్పీకర్లలో వేస్తే గర్జిస్తుంది, సెల్ ఫోనులో వేస్తే అడుగు ఊడిన బిందెలాగా ఉంటుంది. తమకు ఈ విద్య అబ్బదని కొందరు మానుకుంటారు. సాఫ్టువేరు మంచిది కాదని మరికొందరు అప్పు చేసి ఇంకొకటి కొంటారు. రెండూ తొందరపాటే. చాలాసార్లు తప్పు వారి ప్రతిభలో లేదు, యంత్రములో లేదు. వారు కూర్చున్న గదిలో ఉన్నది, వారు నమ్ముకున్న చెవిలో ఉన్నది.

ఈ సంగీతము పుట్టిన తీరును రెండు మాటలలో చెప్పుకొని ముందుకు పోదాము. జపాను దేశపు రోలండ్ కంపెనీ 1980లో టి.ఆర్.-808 అనే తాళయంత్రమును, 1983లో టి.ఆర్.-909 అనే మరొకదానిని తయారుచేసింది. అసలైన డోలులాగా మోగడము లేదని అప్పటి సంగీతకారులు చాలామంది వాటిని ఇష్టపడలేదు. పాతసామాను దుకాణములకు చేరిన ఆ యంత్రములను అమెరికాలోని చికాగో, డెట్రాయిట్ నగరముల యువకులు చౌకగా కొన్నారు. వాటితో వారు కల్పించినవే హౌస్, టెక్నో సంగీతములు. మన దేశములో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే ఇటువంటి యంత్రములతో పది హిందూస్థానీ రాగములను వాయించి ఒక రికార్డు తెచ్చాడు. ఆనాడు దానిని పట్టించుకున్నవారు లేరు. 2010లో తిరిగి విడుదలైన తరువాత ప్రపంచము ఆశ్చర్యపోయింది. ఆనాడు వేల రూపాయలు పోసి కొనవలసిన యంత్రములు చేసిన పనిని ఇప్పుడు మామూలు కంప్యూటరు చేస్తున్నది. కనుక సాధనము దొరకడము నేడు కష్టము కాదు. కష్టము వినడములో ఉన్నది.

ముందుగా కిక్ అంటే ఏమిటో చూడవలె. మృదంగము వంటి చర్మవాద్యములో మధ్యనున్న కరణి వల్ల అనుస్వరములు సంగీతానుకూలముగా అమరుతాయని సి. వి. రామన్ 1920 నాటికే చూపించాడు. తాళయంత్రములోని కిక్ కు చర్మము లేదు, కరణి లేదు. అది ఒకే ఒక విద్యుత్ కంపనము. సెకనుకు కొన్ని వందల కంపనములతో మొదలై, రెప్పపాటు కన్న తక్కువ కాలములో 50 ప్రాంతమునకు జారి, అక్కడ కొంచెము సేపు మోగి ఆగిపోతుంది. మొదటి జారుడు మనకు 'టక్' అని వినిపిస్తుంది. తరువాతి మోత ఛాతీకి తగులుతుంది. సెకనుకు ఒక కంపనమును ఒక హెర్ట్జ్ అంటారు గనుక, ఈ మోత పౌనఃపున్యము 50 హెర్ట్జ్ అన్నమాట. చిక్కంతా ఈ 50 చుట్టూనే ఉన్నది.

మన ఎండలకు 30 డిగ్రీల వరకు వేడెక్కిన గాలిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. సెకనుకు 50 కంపనములు కనుక ఒక్కొక్క తరంగము పొడవు 7 మీటర్లు. మన పడకగది పొడవు ఎంత? పదకొండున్నర అడుగులు, అనగా మూడున్నర మీటర్లు అనుకొందాము. తరంగములో సరిగ్గా సగము మాత్రమే ఆ గదిలో పడుతుంది. స్పీకరు నుంచి పోయిన తరంగము ఎదుటి గోడకు తగిలి వెనుకకు వస్తుంది. పోయేదీ వచ్చేదీ కలిసి గదిలో ఒక స్థిర తరంగము ఏర్పడుతుంది. పేరుకు తగినట్లు అది కదలదు. గోడల దగ్గర గాలి ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువగా మారుతూ ఉంటుంది. గది నడిమధ్య ఆ మార్పు దాదాపు ఉండదు.

ఇప్పుడు మన కొత్త సంగీతకారుడు బల్లను గది మధ్యకు జరుపుకొని కూర్చున్నాడు. అతని స్పీకరు 50 హెర్ట్జ్ మోతను చక్కగా పలుకుతూనే ఉన్నది. గోడకు ఆనుకొని కూర్చున్న తమ్మునికి అది దిమ్మెక్కేటట్లు వినిపిస్తున్నది. కాని చేసేవానికి మాత్రము వినిపించడము లేదు! "కిక్ లో బలము లేదే" అనుకొని ఆ పౌనఃపున్యమును 10 డెసిబెళ్ళు పెంచుతాడు. డెసిబెల్ లెక్క కూడికల లెక్క కాదు, గుణకారముల లెక్క. 10 డెసిబెళ్ళు పెంచితే శక్తి పది రెట్లవుతుంది. పైగా అదే గదిలో 100 హెర్ట్జ్ కు నడుమ భాగము బలమైన చోటు. అక్కడ ఉన్నదాని కన్న ఎక్కువ మోగుతుంది. కాబట్టి దానిని తగ్గిస్తాడు. ఇలా పెంచీ తగ్గించీ, పాటకు కాదు, తన గదికి మందు వేస్తున్నాడు. ఆ పాట గది విడిచి బయటకు పోయినప్పుడు రోగము లేని చోట మందు పనిచేస్తుంది. కారులో ఏది అదిరినదో, పెద్ద స్పీకర్లలో ఏది గర్జించినదో ఇప్పుడు పాఠకులకు తెలిసే ఉంటుంది.

బేస్ స్వరముల సంగతి ఇంకా విచిత్రము. పాశ్చాత్య పద్ధతిలో ఈ మంద్రస్థాయి స్వరములు సుమారు 44, 49, 55 హెర్ట్జ్ ల వద్ద ఉంటాయి. ఒకే బలముతో వాయించినా, ఆ గదిలో ఒక స్వరము మాయమై, దాని పక్కది ఉప్పొంగుతుంది. నేర్చుకొనేవాడు తన వేళ్ళను అనుమానించుకుంటాడు.

ఇందుకు విరుగుడుగా గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించడము ఒక వాడుక. ఫోటోలో బాగుంటుంది. ఐతే 7 మీటర్ల తరంగమును అంగుళము మందము గల అట్టగాని, పలుచని స్పాంజిగాని ఏమీ చేయలేదు. అవి పై స్వరములను కొంతవరకు పీల్చుకొని, కింది మోతను అలాగే వదిలివేస్తాయి. గది మునుపటి కన్న మసకగా వినిపిస్తుంది. మూలలలో నిలువునా పెట్టిన మందమైన దూది పరుపులు ఇంతకన్న నయము. అన్నిటికన్న ఖర్చులేని చికిత్స కుర్చీని జరపడము. ముందు గోడ నుంచి గది పొడవులో మూడోవంతుకు కొంచెము పైన కూర్చుంటే నడిమధ్య గుంట నుంచి తప్పించుకోవచ్చును. ఇదీ సంపూర్ణమైన మందు కాదు. గది పొడవుకే కాక వెడల్పుకూ ఎత్తుకూ కూడా ఇటువంటి తరంగములుంటాయి. మన ఇండ్లలో గది వెడల్పు పది అడుగులు, కప్పు ఎత్తు కూడా పది అడుగులు అయినచోట రెండూ 57 హెర్ట్జ్ దగ్గర ఒకదానిమీద ఒకటి పడి ఇబ్బంది రెట్టింపవుతుంది. హెడ్ ఫోను పెట్టుకొంటే గది బాధ పోతుంది గాని, ఛాతీకి తగిలే దెబ్బ కూడా పోతుంది.

గదిని సరిచేసుకున్నామనే అనుకొందాము. ఇక చెవి మిగిలింది. మన చెవి అన్ని స్వరములనూ సమానముగా వినదు. బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లో ఈ విషయమును కొలిచి చూపించారు. ఇప్పటి అంతర్జాతీయ కొలతల ప్రకారము, 1000 హెర్ట్జ్ స్వరము 40 డెసిబెళ్ళతో వినిపించినంత బిగ్గరగా 50 హెర్ట్జ్ స్వరము వినిపించాలంటే దానికి సుమారు 78 డెసిబెళ్ళు కావలె. అంటే 38 ఎక్కువ. అదే 1000 హెర్ట్జ్ స్వరమును 80 డెసిబెళ్ళకు పెంచితే, 50 హెర్ట్జ్ దానికి 102 చాలును. తేడా 22కు తగ్గింది. దీని అర్థమేమి? రాత్రి ఇంట్లోవారు నిద్రపోతున్నారని శబ్దము తగ్గించి పనిచేసినవాడు బేస్ చాలలేదని పెంచుతాడు. పగలు గట్టిగా పెట్టి పనిచేసినవాడు బేస్ కావలసినంత ఉన్నదని తృప్తిపడతాడు. పాట ఒక్కటే. తీర్పులు రెండు.

గట్టిగా ఉన్నదల్లా బాగున్నట్లు తోచడము చెవి చేసే ఇంకొక మోసము. కొత్తగా కొన్న ప్లగిన్ను తగిలించగానే పాట మెరుగైనట్లు అనిపిస్తుంది. చాలాసార్లు అది చేసిన పని శబ్దమును రెండు డెసిబెళ్ళు పెంచడమే. తగిలించిన తరువాత, తీసివేసిన తరువాత, శబ్దమును సమానము చేసి వింటే ఎన్ని ఖర్చులు మిగులుతాయో చెప్పలేము.

కిక్, బేస్ అనే రెండూ ఒకే చోటి కోసము పోట్లాడుకోవడము మూడవ చిక్కు. రెండింటి కంపనములూ ఒకేసారి పైకి లేస్తే బలము 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. ఒకటి లేచేటప్పుడు రెండవది పడితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒక దెబ్బ బలముగా, మరొక దెబ్బ నీరసముగా వినిపించడానికి తరచు ఇదే కారణము. పైగా మంద్రస్వరములు తమకు పైనున్న స్వరములను కప్పివేస్తాయి. పై స్వరములు కిందివాటిని అంతగా కప్పలేవు. 1924లో వెగెల్, లేన్ అనే వారు దీనిని పరీక్షించి చూపారు. అందుచేత బేస్ ను పెంచిన కొద్దీ పాటలోని మిగిలిన వాద్యములు మునిగిపోతాయి. కొత్తవాడు వాటినీ పెంచుతాడు. కంప్యూటరు అంకెలలో ధ్వనికి ఒక పైకప్పు ఉన్నది. దానిని దాటిన తరంగము తల తెగి, పగిలిన శబ్దముగా బయటకు వస్తుంది.

దీనికి ఈ సంగీతకారులు కనిపెట్టిన ఉపాయము మన పల్లెలలో తెలియనిది కాదు. ఒకే రోటిలో ఇద్దరు దంచేటప్పుడు రోకళ్ళు వంతులవారీగా పడతాయి. అదేవిధముగా కిక్ పడిన క్షణములో బేస్ తనంతట తాను తగ్గి, వెంటనే తిరిగి లేచేటట్లు ఏర్పాటు చేస్తారు. దీనిని 'సైడ్ చెయిన్' అంటారు. ఇక్కడ కాలము లెక్క ముఖ్యము. నిమిషానికి 128 దెబ్బల పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 469 మిల్లీసెకనులుంటాయి. బేస్ తిరిగి లేవడానికి అంతకన్న ఎక్కువ కాలము పెట్టితే అది లేవకముందే తరువాతి దెబ్బ పడుతుంది. పాట మొత్తములో బేస్ ఎన్నడూ నిండుగా వినపడదు. అందుకని మీటను లెక్క ప్రకారము దగ్గరగా పెట్టుకొని, తరువాత చెవితో సరిచేయవలె. మితిమీరి వాడితే పాటంతా ఊపిరి పీలుస్తున్నట్లు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. 2000 ప్రాంతములో ఫ్రెంచి హౌస్ సంగీతకారులు ఈ దోషమునే అలంకారముగా మార్చుకున్నారు.

సెల్ ఫోను స్పీకరు 50 హెర్ట్జ్ ను అసలు పలకలేదు. ఐనా మంచి పాటలలోని బేస్ అందులో ఆనవాలు కడుతుంది. 50 స్వరముతోపాటు 100, 150, 200 హెర్ట్జ్ అనుస్వరములు ఉంటే, అసలు స్వరము లేకపోయినా మెదడు దానిని ఊహించి పూరిస్తుంది. కొత్తవారు అచ్చమైన తరంగమును వాడతారు గనుక పూరించడానికి మెదడుకు ఆధారము దొరకదు. ధ్వనిని కొద్దిగా చెరిపితే, అనగా కాస్త గరుకుదనము తెస్తే, ఈ అనుస్వరములు పుడతాయి.

చివరకు మిగిలేది అలవాటు. పాటలో సాధారణముగా ఎనిమిది ఆవర్తనముల ముక్కను మొదట తయారుచేస్తారు. 128 వేగములో అది సరిగ్గా 15 సెకనులు. దానిని వలయముగా తిప్పుకుంటూ రెండు గంటలు కూర్చుంటే 480 సార్లు విన్నట్లు. అప్పటికి ఏది బాగున్నదో ఏది బాగులేదో చెప్పగల శక్తి మనస్సుకు ఉండదు. ఆ ముక్క అలాగే మిగిలి, పాట పూర్తికాదు. నేర్చుకొనే వారి కంప్యూటర్లలో పూర్తికాని ముక్కలు కుప్పలుగా పడి ఉండడానికి ఇదొక కారణము. ముక్క చాలునని అనిపించిన వెంటనే, మెరుగులు దిద్దక ముందే, ఆది నుంచి అంతము వరకు నాలుగైదు నిమిషముల చట్రము పరచుకోవడము మేలు. ఒక మంచి పాటను పక్కన పెట్టుకొని, శబ్దమును సమానము చేసి, అప్పుడప్పుడు దానికీ తనదానికీ మార్చి మార్చి వినడము మరొక మంచి అలవాటు. ఎందుకంటే ఆ గది మంచి పాటకూ అదే అబద్ధము చెబుతుంది. అప్పుడు రెండింటి తేడా మాత్రము నిజము.

వినికిడి విషయములో మాత్రము ప్రయోగములు కూడదు. చెవి అలసిన కొద్దీ శబ్దము తక్కువైనట్లు తోస్తుంది. తోచిన కొద్దీ పెంచుతారు. లోపలి చెవిలో ఒక్కొక్క వైపు సుమారు 15 వేల రోమకణములుంటాయి. మనిషిలో చచ్చినవి తిరిగి పుట్టవు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ లెక్క ప్రకారము 85 డెసిబెళ్ళను రోజుకు 8 గంటలు భరించవచ్చును. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెళ్ళకూ కాలము సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక్క గంట. సెల్ ఫోనులోని శబ్దమాపకము అంత కచ్చితమైనది కాకపోయినా హద్దు ఎంత దూరములో ఉన్నదో సూచిస్తుంది. పని ముగిసిన తరువాత నిశ్శబ్దములో చెవి జుమ్మంటూ ఉంటే ఆనాడు హద్దు దాటినట్లే. మరునాడు మళ్ళీ కూర్చొనే ముందు ఆ మోత పూర్తిగా పోయినదో లేదో చూసుకోవలె. రోజులు గడిచినా పోకపోతే చెవి వైద్యుని దగ్గరకు వెళ్ళవలె.