కారుకు ప్లగ్గు, ఫైలుకు గడువు

మా ఊళ్లో పెట్రోలు కార్లకు కూడా ముందు భాగం నుంచి కరెంటు తీగ వేలాడుతుంటుంది. రాత్రి ఇంటికి రాగానే ఫోను ఛార్జింగు పెట్టుకున్నట్టు కారును ప్లగ్గుకు తగిలించాలి. ఇంజన్ బిగుసుకుపోకుండా కాపాడే బ్లాక్ హీటర్ కోసం ఆ తీగ. కోర్టు దగ్గర పార్కింగులోనూ ప్లగ్గులుంటాయి. జనవరిలో మైనస్ 40 వచ్చిందంటే ఎవరూ ఉలిక్కిపడరు. ఆ ఒక్క అంకె దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ కలుస్తాయి కాబట్టి డాలస్‌లో ఉన్న మా బాబాయికి లెక్క మార్చి చెప్పే పని కూడా ఉండదు.

ఊరి పేరు థాంప్సన్. కెనడాలో మానిటోబా రాష్ట్రపు ఉత్తర భాగం, రాజధాని విన్నిపెగ్‌కు రోడ్డున సుమారు 760 కిలోమీటర్లు ఉత్తరాన. 1956లో ఇక్కడ నికెల్ నిక్షేపం బయటపడితే దాని చుట్టూ ఊరు కట్టారు. నేను పుట్టి పెరిగింది కొత్తగూడెంలో, సింగరేణి క్వార్టర్లలో. నాన్న బొగ్గుబాయిలో దిగేవారు. కాబట్టి గని ఊరి తీరు నాకు తెలియనిది కాదు. ఎవరిది ఏ షిఫ్టు, ఏది మూసేస్తారట, ఎవరు ఊరు విడిచిపోతున్నారు అనే మాటలే ఇక్కడా. 2018లో ఇక్కడి స్మెల్టరు మూతపడింది. నాకు కొత్తదల్లా ఉష్ణోగ్రత ముందుండే మైనస్ గుర్తే. కార్ల కంపెనీలు, విమాన ఇంజన్ల కంపెనీలు తమ సరుకు చలికి తట్టుకుంటుందో లేదో చూసుకోవడానికి ఇక్కడికి వస్తాయి. వాళ్లు దాన్ని పరీక్ష అంటారు. మేం ఆఫీసుకెళ్లడం అంటాం.

నేను లీగల్ ఎయిడ్ లాయర్ని. ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయిల తరఫున క్రిమినల్ కేసులు వాదిస్తాను. వాళ్లలో ఎక్కువమంది క్రీ, డెనే తెగల ఆదివాసులు. ఈ పనికి గడియారాలు ఎక్కువ. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో న్యాయాధికారి ముందు పెట్టాలి. 2016లో కెనడా సుప్రీంకోర్టు జోర్డన్ కేసులో ఇంకో గడువు పెట్టింది. ప్రొవిన్షియల్ కోర్టులో అభియోగం నమోదైన నాటి నుంచి 18 నెలల్లో, పై కోర్టులో అయితే 30 నెలల్లో విచారణ ముగియాలి. అది దాటితే, తగిన కారణం చూపలేకపోతే కేసే ఆగిపోతుంది. ఏళ్ల తరబడి వాయిదాలు చూసిన కొత్తగూడెం బార్ మిత్రులకు ఈ సంగతి చెబితే ముందు నవ్వారు, తర్వాత తీర్పు పంపించమన్నారు.

గడువులు కాగితం మీద సాఫీగా ఉంటాయి. వాటికీ చలికీ పొత్తు కుదరదు.

మా జడ్జి కూర్చునే చోట్లలో కొన్నింటికి ఏడాది పొడుగునా ఉండే రోడ్డు లేదు. శమట్టావా, గాడ్స్ లేక్ నారోస్ లాంటి ఊళ్లకు విమానంలో పోవాలి, లేదా నడి చలికాలంలో చెరువులు, చిత్తడి నేలలు గడ్డకట్టాక వాటి మీద వేసే మంచు రోడ్డున పోవాలి. అందుకే కోర్టే ఎగిరి వెళ్తుంది. చిన్న విమానంలో జడ్జి, క్లర్కు, క్రౌన్ అటార్నీ (అంటే మన పీపీ), డిఫెన్స్ లాయర్లు, అందరం మోకాళ్లు తగిలేలా కూర్చుంటాం. కేసుల మాట ఎత్తకూడదు కాబట్టి హాకీ, పిల్లలు, బూట్లు ఎక్కడ కొన్నారు అనే కబుర్లు. కిందనుంచి చూసే ఊరివాళ్లకు మాత్రం తమను జైలుకు పంపాలనేవాడూ, వద్దనేవాడూ, తేల్చేవాడూ ఒకే విమానం దిగారన్నది కనిపిస్తుంది. ఆ అనుమానం న్యాయమైనదే. దిగీ దిగగానే నేను వాళ్లను వదిలేసి నా క్లయింట్ల వైపు నడుస్తాను. కమ్యూనిటీ హాలులో మడత కుర్చీలు వేసి కోర్టు నడుపుతారు. క్లయింటుతో ఏకాంతంగా మాట్లాడాలంటే వంటగదో, సామాన్ల కొట్టో. ఒక మనిషి జీవితం వినడానికి అక్కడ దొరికేవి కొద్ది నిమిషాలు.

వినాల్సింది మాత్రం చాలా ఉంటుంది. 1999లో సుప్రీంకోర్టు గ్లాడూ తీర్పు ఇచ్చాక, ఆదివాసీ ముద్దాయికి శిక్ష వేసేటప్పుడు ఆ మనిషి వెనకున్న చరిత్రను జడ్జి లెక్కలోకి తీసుకోవాలి. అమ్మమ్మను రెసిడెన్షియల్ స్కూలుకు (ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి వేరుచేసిన బడులు) లాక్కుపోయారా, పసితనంలో ఎవరి ఇంట్లో పెరిగాడు, ఎవరిని పోగొట్టుకున్నాడు అని అడగాలి. ఇది ఫారం నింపే పని కాదు. అలాంటి సంభాషణ అయ్యాక ఇంటికొచ్చి పిల్ల హోంవర్కు ముందు కూర్చుంటే అక్షరాలు కనిపిస్తాయి గానీ చదవడం కుదరదు. మా ఆయనకిది తెలుసు. ఆ రోజుల్లో హోంవర్కు ఆయన చూస్తారు, నేను గిన్నెలు తోముతాను. వేడి నీళ్లలో చేతులు పెట్టుకుని నిలబడటం ఇక్కడ సుఖమే.

ఇక తుపాను రోజు. పొద్దున్నే కబురొస్తుంది: విమానం లేదు, కోర్టు రద్దు. మిగతా ఉద్యోగులకు ఇది దొరికిన సెలవు. పిల్లకు పెసరట్టు వేయొచ్చు, పగటిపూట నిద్రపోవచ్చు. నా సంగతి అలా కాదు. ఆ రోజు పేరు పిలవాల్సిన కుర్రాడు ఇంకెక్కడో రిమాండులో ఉంటాడు. దగ్గరి పెద్ద జైలు ద పా అనే ఊళ్లో, ఇక్కడికి 400 కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం. కోర్టు మళ్లీ ఆ ఊరికి వెళ్లేదాకా అతని కేసు అక్కడే ఆగుతుంది. వృత్తినీ ఇంటినీ సమంగా చూసుకోవడం గురించి పత్రికల్లో రాసేవన్నీ మన టైమును మనమే పంచుకోవడం గురించే ఉంటాయి. నాకు ఖాళీగా దొరికిన ఆ పూటకు ఖర్చు పెట్టింది ఇంకొకరు. ఇది తెలిశాక సెలవు అరగదు. అందుకని ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. రద్దయిన రోజు మధ్యాహ్నం దాకా నేను పనిలోనే ఉంటాను. జైలుకు ఫోన్లు, వీడియో ద్వారా బెయిలు వినమని అర్జీలు, కబురు కోసం చూస్తుండే తల్లులకు ఫోన్లు. మధ్యాహ్నం తర్వాత పెసరట్టు.

విమానం పోయిన రోజులు జోర్డన్ లెక్కలోకి వస్తాయా రావా అన్నది వేరే తగాదా. అనుకోని ఆటంకం, తీసెయ్యాలి అని క్రౌన్ అంటుంది. ఉత్తర మానిటోబాలో జనవరిలో తుపాను అనుకోనిదెలా అవుతుంది అని మేం అంటాం. 2019లో ఇక్కడి పై కోర్టు ఒక కేసులో, ఉత్తరాన బెయిలు విచారణలు జాప్యమవుతున్న తీరు ముద్దాయిల రాజ్యాంగ హక్కులకు భంగమని గట్టిగానే చెప్పింది.

చలి ఇక్కడ సాక్ష్యం కూడా. 1990 నవంబరులో పక్క రాష్ట్రంలోని సస్కటూన్‌లో నీల్ స్టోన్‌చైల్డ్ అనే 17 ఏళ్ల ఆదివాసీ పిల్లవాడు నగరం చివర గడ్డకట్టి చనిపోయాడు. చివరిసారి కనిపించిన రాత్రి అతను పోలీసుల అదుపులో ఉన్నాడని 2004లో విచారణ కమిషన్ తేల్చింది. బెయిలు దొరికిన మనిషికి ఒంటి మీద కోటుందా, ఊరికెలా పోతాడు, రాత్రి ఎక్కడ పడుకుంటాడు అని నేను జడ్జి ముందే అడిగేది అందుకే. కొత్తగా వచ్చిన జూనియర్లు ఇది సంక్షేమశాఖ పని అనుకుంటారు. ఒక చలికాలం గడిచాక అనుకోరు.

మిగతాదంతా సంసారం. చలిగాలితో కలిపి మైనస్ 40 దాటితే పదినిమిషాల లోపే చర్మం గడ్డకట్టగలదు కాబట్టి పిల్లకు బట్టలు తొడగడమే పొద్దున పెద్ద కార్యక్రమం. బూట్లు, పార్కా వేసుకుని కోర్టుకెళ్లి, లోపల చెప్పుల్లోకి మారతాను. ఒకప్పుడు ఎండాకాలం నల్లకోటు మినహాయింపు ఎప్పుడొస్తుందా అని చూసిన దాన్ని, ఇప్పుడు కోటు కింద రెండు పొరలు తొడుగుతున్నాను. లాప్‌టాప్ బయటి చలిలోంచి రాగానే తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది. కాసేపు సంచీలోనే ఉంచాలి. పెన్ను రాయదు, పెన్సిలు రాస్తుంది. కోర్టుకని ఎగిరి వెళ్లిన ఊళ్లోనే రాత్రి చిక్కుకుపోతే అక్కరకొస్తాయని సంచీలో ఉప్మా రవ్వ, ఆవకాయ సీసా. పెరుగు తోడుకోవాలంటే ఓవెన్‌లో పెట్టి లైటు వేసి ఉంచాలి. ఇడ్లీ పిండికి అదే వైద్యం, రెండింటికీ ఒకేసారి చోటు చాలదు. కరివేపాకు విన్నిపెగ్ నుంచి ఎవరొస్తే వాళ్లు తెస్తారు, ఫ్రీజరులో దాస్తాను.

డిసెంబరు చివర పగలు ఏడు గంటలే. చీకట్లో పోయి చీకట్లో రావడం. దిగులుకు మందని బల్లమీద పెట్టుకునే 10,000 లక్స్ దీపం కొన్నాను. దానికంటే మధ్యాహ్న విరామంలో ఒక చుట్టు నడిచిరావడమే నాకు పనిచేసింది. అరోరా చూశావా అని అందరూ అడుగుతారు. చూశాను, చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళ్లినప్పుడు. సాయంత్రం ఏడుకు అమ్మ ఫోన్ చేస్తుంది, కొత్తగూడెంలో అప్పుడు తెల్లారి ఆరున్నర. "తిన్నవా బిడ్డా? ఇయ్యాల ఎవర్నన్న ఇడిపించినవా?" అదే వరసలో అడుగుతుంది.

తెలుగు లా విద్యార్థులూ అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. దారి చెబుతాను. ముందు విదేశీ లా డిగ్రీలను చూసే ఎన్‌సీఏ వాళ్లు మన డిగ్రీని తూకం వేస్తారు. కెనడా రాజ్యాంగం, క్రిమినల్, అడ్మినిస్ట్రేటివ్ చట్టాల లాంటి పరీక్షలు రాయాలి. ఆ తర్వాత ఒక సీనియర్ దగ్గర ఆర్టికలింగ్, లైసెన్సు శిక్షణ. ఉత్తరాదికి రావడానికి లాయర్లు అంతగా ఇష్టపడరు కాబట్టి, వస్తానన్న వాళ్లకు ఇక్కడ పని తొందరగా చేతికొస్తుంది. ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు రెండు ప్రశ్నలు అడగమంటాను: ఒక్కొక్కరి మీద ఎన్ని ఫైళ్లు పెడతారు? నేను వేరే ఊళ్లో చిక్కుకుపోయిన రోజు థాంప్సన్ కోర్టులో నా క్లయింట్ల పక్కన ఎవరు నిలబడతారు?