కునుకు విశేషాలు: దిల్‌సుఖ్‌నగర్ టు ఎల్బీనగర్

కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, పొద్దుపోయేదాకా టీ బండ్లు, తెల్లవార్లూ విజయవాడ బస్సులు... హైదరాబాద్ తూర్పు దిక్కున నిద్రకు శత్రువులు బోలెడు! అందుకే ఈసారి విశేషాలన్నీ నిద్ర మీదే. రెడీయేనా?

మీకు తెలుసా? మూసారాంబాగ్ పక్కగా పారే మూసీకి ముచికుంద నది అని మరో పేరు. ముచికుందుడు గుర్తున్నాడా? దేవతల కోసం యుద్ధం చేసి చేసి అలసిపోయి, వరంగా నిద్రనే కోరుకున్న రాజు! మధ్యలో లేపినవాడు బూడిదే. కాలయవనుడు లేపాడు, బూడిదయ్యాడు. పొద్దున్నే రూమ్మేట్‌ను లేపేవాళ్లూ, కాస్త దూరంగా నిలబడి లేపండి!

మరి ఇది తెలుసా? మన ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న 'ఊర్మిళాదేవి నిద్ర' అనే పాట ఉంది. అడవిలో లక్ష్మణుడు పధ్నాలుగేళ్లు రెప్ప వేయలేదు. ఇంట్లో ఊర్మిళ పధ్నాలుగేళ్లు రెప్ప తెరవలేదు. లెక్క సరిగ్గా సరిపోయింది!

నిద్ర లేకుండా మనిషి ఎన్నాళ్లుండగలడో మీకు తెలుసా? 1963 డిసెంబరులో అమెరికాలోని శాన్‌డియాగోలో ర్యాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ల కుర్రాడు సైన్స్ ఫెయిర్ కోసం మేలుకోవడం మొదలుపెట్టాడు. 264 గంటలు మేలుకున్నాడు. అంటే 11 రోజులు! ఆ తర్వాత 14 గంటలపాటు పడుకున్నాడు. మీరు మాత్రం పోటీకి దిగకండి. ప్రమాదమని గిన్నిస్ వాళ్లే 1997 నుంచి ఈ రికార్డును పట్టించుకోవడం మానేశారు!

సెకన్లలో ముగిసే కునుకు ఎవరిదో తెలుసా? చిన్‌స్ట్రాప్ పెంగ్విన్‌ది! గూడు కాసే రోజుల్లో దాని ఒక్కో కునుకు నాలుగు సెకన్లే. కానీ రోజుకు పదివేలకు పైగా కునుకులు తీస్తుంది. అన్నీ కలిపితే 11 గంటల నిద్ర! ఈ సంగతి 2023లో బయటపడింది. క్లాసులో చివరి బెంచీవాళ్ల రికార్డు గల్లంతు!

సరూర్‌నగర్ చెరువు గట్టున వాకింగ్ చేసేవాళ్లకు ఓ ప్రశ్న. వరసగా పడుకున్న బాతుల్లో చివరి బాతు ఏం చేస్తుందో తెలుసా? ఒక కన్ను తెరిచి నిద్రపోతుంది! సగం మెదడు నిద్రలో, సగం మెదడు కాపలాలో. వాచ్‌మన్ డ్యూటీ, నిద్ర రెండూ ఒకే షిఫ్టులో!

వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకల్ని చూశారా? అవి నెమరువేసే జాతి. ఆ జాతిదే అయిన ఆవు రోజుకు ఎంతసేపు నిద్రపోతుందో మీకు తెలుసా? నాలుగు గంటలే! మరో ఎనిమిది గంటలు మగతగా ఉంటుంది. ఆ మగతలోనే నెమరూ వేసేస్తుంది. పడుకునే భోంచేసే భాగ్యం ఎంతమందికి ఉంటుంది!

మొక్కలకూ నిద్రవేళ ఉందని తెలుసా? నిద్రగన్నేరు చెట్టును సాయంత్రం చూడండి, ఆకులు ముడుచుకుని ఉంటాయి. 1729లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త డి మైరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ మొహం చూడకపోయినా అది వేళకు ఆకులు విప్పింది, వేళకు ముడిచింది! గడియారం దాని లోపలే ఉంది!

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ గుర్తుందా? 2021లో బాటసింగారం తరలిపోయింది కదా, అదే. మాగిన పండ్ల మీద ముసిరే చిట్టి ఈగల వల్ల నోబెల్ వచ్చిందని మీకు తెలుసా? ఆ ఈగల ఒంట్లోని గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు బహుమతి ఇచ్చారు. ఆ తరహా గడియారమే మనలోనూ ఉంది. ఇక ఈగను తోలేటప్పుడు కాస్త మర్యాదగా తోలండి!

చాయ్ ప్రియులారా, ఇది తెలుసా? తాగిన కెఫీన్‌లో సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు దిల్‌సుఖ్‌నగర్‌లో తాగిన ఇరానీ చాయ్‌లో సగం కెఫీన్ రాత్రి 11 గంటలకూ మీ ఒంట్లో పహరా కాస్తూనే ఉంటుంది! మధ్యాహ్నం దాటాక చాయ్ తగ్గించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

చట్టం కూడా మన నిద్రకు కాపలా కాస్తుందని తెలుసా? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల మధ్య శబ్దం 45 డెసిబెళ్లు దాటకూడదు. ఎల్బీనగర్ చౌరస్తాలో హారన్ కొట్టే లారీలకు ఈ మాట ఎవరైనా చెప్పండి!

కారులో రాత్రికి రాత్రే విజయవాడ బయల్దేరుతున్నారా? అయితే ఇది తప్పక తెలియాలి. మన దేశంలో డ్రైవర్ రక్తంలో మద్యం 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 17 గంటలకు పైగా మేలుకుని ఉన్నవాడి చురుకుదనం 50 మిల్లీగ్రాముల మద్యం ఎక్కినవాడి స్థాయికి పడిపోతుందని 2000లో ఒక అధ్యయనం తేల్చింది. చుక్క తాగకుండానే మత్తు! పైగా ఏ బ్రీత్ ఎనలైజరూ దీన్ని పట్టుకోలేదు. కళ్లు మూతలు పడుతుంటే బండి పక్కన ఆపేయండి.

హాస్టల్ పిల్లలూ, మీకు తెలుసా? 1924లో అచ్చయిన ఒక ప్రయోగం కోసం అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టించారు. చదివాక మేలుకుని ఉన్నప్పటికంటే, చదివి నిద్రపోయినప్పుడే ఎక్కువ గుర్తున్నాయి! నిద్ర మానేసి గ్రూప్స్‌కు చదివేవాళ్లూ, మీరు చదివింది మెదడులో కుదురుకునే వేళ నిద్రే!

టీనేజర్లకు ఎన్ని గంటల నిద్ర కావాలో తెలుసా? 8 నుంచి 10. పెద్దవాళ్లకు కనీసం 7. అమ్మానాన్నలూ, సెలవు రోజున పిల్లాడు కాస్త ఎక్కువసేపు పడుకుంటే బద్ధకం అని తిట్టేముందు వారమంతా ఎంత పడుకున్నాడో లెక్కేయండి!

మెట్రోలో అదృష్టవంతులెవరో తెలుసా? ఎల్బీనగర్ వాళ్లు! మియాపూర్ నుంచి 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, చివరిది వాళ్లదే. స్టేషన్ దాటిపోతుందన్న బెంగ లేదు. కానీ ఆఫీసు నుంచి వస్తూ తీసే ఆ కునుకు భోజనానికి ముందు తిన్న పకోడీల లాంటిది. రాత్రి నిద్ర ఆకలిని చంపేస్తుంది! కునుకు కావాలంటే మధ్యాహ్నం 3 లోపు, అరగంట దాటకుండా తీయండి.

ఇక అసలు సంగతి. నిద్ర రానప్పుడు మంచం దిగిపోవాలని మీకు తెలుసా? 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే సైకాలజిస్టు చెప్పిన చిట్కా ఇది. సుమారు ఇరవై నిమిషాలైందని అనిపించినా నిద్ర పట్టకపోతే లేచి వెళ్లి మసక వెలుతురులో కూర్చోండి. నిద్ర ముంచుకొస్తేనే మళ్లీ మంచమెక్కండి. టైమ్ మాత్రం చూడకండి. గడియారాన్ని గోడవైపు తిప్పేయండి!

నిద్రపోవద్దనుకుంటే నిద్ర వస్తుందని తెలుసా? నిజం! 'కళ్లు తెరిచే ఉంచుతా, నిద్రపోను' అనుకుంటూ హాయిగా పడుకోవడం ఒక చికిత్సా పద్ధతి. నిద్ర పట్టాలన్న ఆరాటం తగ్గితే నిద్రే వచ్చి పడుతుంది. పరీక్ష ముందు రోజు పుస్తకం పట్టుకోగానే నిద్ర ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమైందా!

వేడినీళ్ల స్నానం ఒంటిని చల్లబరుస్తుందని మీకు తెలుసా? పడుకోవడానికి గంట రెండు గంటల ముందు గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే చర్మం దారిన లోపలి వేడి బయటికి పోతుంది. సుమారు పది నిమిషాలు ముందే నిద్ర పడుతుంది. పాదాలు వెచ్చగా ఉన్నా త్వరగా నిద్రొస్తుందని 1999లో తేలింది. పాదాలకు నూనె రాసే అమ్మమ్మలు ఈ ఫలితం కోసం ఎదురుచూడలేదు లెండి!

రేపటి పనులు తలలో తిరుగుతున్నాయా? కాగితం మీద రాసేయండి. అమెరికాలో 57 మందితో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, రేపు చేయాల్సిన పనుల్ని ఐదు నిమిషాలు రాసుకున్నవాళ్లు సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. పెన్నుతో నిద్రమాత్ర!

చరక సంహిత ప్రకారం నిద్ర తెప్పించేవాటిలో మేటి ఏదో తెలుసా? గేదె పాలు! శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతకర్రల్లో ఆహారం పక్కనే నిద్రనూ చేర్చింది ఆ గ్రంథం. మన పాలబూత్ మందులషాపు కూడానన్నమాట!

గురకకు మందు వాక్యూమ్ క్లీనర్‌లో దొరికిందని తెలుసా? 1980 ప్రాంతంలో సిడ్నీలో డాక్టర్ కాలిన్ సలివన్ అలాంటి మోటారుతోనే గాలి పంపే యంత్రం తయారుచేశారు. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లకు ఇవాళ్టికీ అదే ప్రాణదాత. ఇంట్లో అలాంటివాళ్లుంటే నవ్వి ఊరుకోకండి, డాక్టర్‌కు చూపించండి.

మామూలు కలత నిద్రకూ జబ్బుకూ గీత ఎక్కడో మీకు తెలుసా? వారానికి మూడు రాత్రులు, మూడు నెలలపాటు నిద్ర పట్టకపోతే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దానికి మొదటి చికిత్స మాత్ర కాదు! ఆలోచనల్నీ అలవాట్లనూ సరిచేసే సీబీటీ చికిత్సతోనే మొదలుపెట్టాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ చెప్పింది. మందులషాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవడం ఆపేయండి.

అన్నిటికంటే చవకైన చిట్కా ఏదో తెలుసా? ఆదివారమైనా, పరీక్షలైపోయినా రోజూ ఒకే వేళకు లేవడం! ఎప్పుడు పడుకున్నా లేచే వేళ మారకపోతే లోపలి గడియారం కుదుటపడుతుంది. ఖర్చు సున్నా!

చివరిగా ఒక్క నంబర్ గుర్తుపెట్టుకోండి: 14416. టెలీ మానస్ పేరుతో 2022లో మొదలైన ఉచిత సేవ ఇది. 24 గంటలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. హాస్టల్ గదిలో బెంగతో, పరీక్ష భయంతో రాత్రంతా మేలుకుంటున్న తమ్ముడూ, చెల్లీ, ఈ రాత్రే ఫోన్ చేయండి. నిద్ర మీ హక్కు!